ఆరో ఓటు

ఫిబ్రవరి 9, ఆదివారం

క్లేటన్‌లో ముప్ఫై ఎనిమిది డిగ్రీలు. భూమికి ఈ కింది సగంలో ఫిబ్రవరి అంటే నడి వేసవి. హాల్లో ఫ్యాను ఒక్కటే. తెలుగు బడి ఈ ఏడాదికి ఇవాళే మొదలు. నాయుడు అంకుల్ ఎప్పటిలాగే అందరికంటే రెండు గంటల ముందు వచ్చి బల్లలు సర్దేశారు. డెబ్బై రెండేళ్లు. బడి పెట్టింది ఆయనే, అధ్యక్షుడూ ఆయనే, చివర్లో ఊడ్చేదీ ఆయనే.

కమిటీలో ఉపాధ్యక్ష స్థానం ఖాళీగా ఉందని నా పేరు రాశారు. వద్దనడానికి నోరు తెరిచేలోపు చప్పట్లు కొట్టేశారు.

“ఏటమ్మా వసూ, బయపడకు. నాను బతికున్నన్నాళ్లు నీకు పనేటీ ఉండదు.”

అంకుల్ తాత విశాఖ వైపు నుంచి ఫిజీ వెళ్లాడట, చెరుకు తోటల్లోకి. మూడు తరాలు దాటినా ఆ మాట అలాగే ఉంది.

మీటింగుల మినిట్స్ రాసే పుస్తకం కూడా నాకే ఇచ్చారు. చేతిరాత బాగుంటుందని. ఏలూరు కాన్వెంటులోనూ ఇంతే. మాట్లాడని పిల్లని చూసి మానిటర్‌ని చేసేవారు సిస్టర్ బెర్నాడెట్. మాట్లాడిన వాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం నా పని. గుండ్రంగా రాసేదాన్ని.

ఫిబ్రవరి 13

నా పీహెచ్‌డీ రెండో అధ్యాయం. అమెరికా, 1868.

అంతకు మూడేళ్ల ముందు అధ్యక్షుణ్ణి కాల్చి చంపారు. ఆయన స్థానంలోకి వచ్చిన ఉపాధ్యక్షుణ్ణి కాంగ్రెస్ మూడేళ్లు కూడా భరించలేకపోయింది. అభిశంసన. ఉపాధ్యక్షుడి కుర్చీ అప్పటికి ఖాళీ. కాబట్టి ఆయన దిగిపోతే పదవి సెనేట్ తాత్కాలిక అధ్యక్షుడిది. తీర్పు చెప్పాల్సిన యాభై నలుగురిలో ఆ తాత్కాలిక అధ్యక్షుడూ ఒకడు. ఎవరో అభ్యంతరం చెప్పారు, మళ్లీ వెనక్కి తీసుకున్నారు. ఆయన లేచి ‘దోషి’ అన్నాడు. అంతా కలిపితే దించడానికి ఒక్క ఓటు తక్కువైంది.

నా వాక్యం: తనకు దక్కబోయే పదవి కోసం తనే ఓటేసుకున్న ఈ మనిషిని ఏ వాదనా సమర్థించలేదు.

హెలెన్ పక్కన పెన్సిల్‌తో రాసింది — ఖాయమేనా?

నా గైడ్‌కి ప్రతిదీ అనుమానమే. ఖాయమే.

ఫిబ్రవరి 23

కార్యదర్శి కిరణ్ గారు పార్కింగులో ఆపారు. “వసుధా, నీ పీహెచ్‌డీ కాన్‌స్టిట్యూషన్స్ మీదే కదా? ఒక వన్ పేజర్ కొట్టెయ్ ప్లీజ్. టీచర్లని తీసెయ్యాలంటే కమిటీ అప్రూవల్ ఉండాలి, అంతే. అంకుల్ గ్రేట్ మ్యాన్, నో డౌట్. బట్ ఎవ్రీథింగ్ ఆయన మూడ్ మీద నడిస్తే ఎలా చెప్పు?”

తల ఊపాను. నా చదువు ఎవరికైనా పనికిరావడం ఇదే మొదటిసారి. సిగ్గుగా, సంతోషంగా...

ఫిబ్రవరి 27

యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని రాశాను. అడిగింది ఒక్క నియమం. నాలుగు వాక్యాల్లో అయిపోయింది. అయినా పేజీ వెలితిగా అనిపించింది. చివర ఇంకొకటి చేర్చాను:

‘ఈ నియమాన్ని ఉల్లంఘించడం అధ్యక్షుణ్ణి తొలగించడానికి తగిన కారణమవుతుంది.’

ఇప్పుడు నిండుగా ఉంది.

మార్చి 2, ఆదివారం

నియమం ఆమోదం పొందింది. అంకుల్ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. “సక్కగా రాసావమ్మా. కోర్టు కాయితం లాగుంది.” అందరికంటే ముందు ఆయనే సంతకం పెట్టారు.

మార్చి 16

టీచరు మాధవి గారు పెద్ద క్లాసును రెండు చేశారు. ఇండియా నుంచి వచ్చిన వాళ్ల పిల్లలు హాల్లో. ఫిజీ వాళ్ల పిల్లలు వెనక గదిలో, వేరే పుస్తకంతో. “వాళ్ల యాక్సెంట్ మిగతావాళ్లకి పట్టుకుంటుందని పేరెంట్స్ ఫీలవుతున్నారు అంకుల్.”

అంకుల్ వెనక గదిలోకి వెళ్లి చిన్న కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా, గంటసేపు కూర్చున్నారు.

మార్చి 23

“రేపటాదివారం నుంచి నువ్ రాకమ్మా మాదవీ.” అన్నారు అంకుల్, అందరి ముందే. గొంతు పెంచలేదు. కమిటీని అడగలేదు.

వెనక గది పిల్లలు తమ కుర్చీలు తామే మోసుకుంటూ హాల్లోకి వచ్చేశారు.

నాకు లోపల ఎంత బాగుందో. అది మినిట్స్‌లో రాయలేం కదా.

మార్చి 24

ట్రాములో నిలబడి ఉండగా తట్టింది. వెనక్కి ఇంటికి వచ్చేసి నా నోట్సు తీశాను.

1867లో చేసిన చట్టం. సెనేట్ సమ్మతి లేకుండా అధ్యక్షుడు పదవుల్లోంచి ఎవరినీ తీయకూడదు. తీస్తే అది ‘ఘోరమైన నేరం’. ఆయన తప్పకుండా తీస్తాడని తెలిసే చేశారు. తీశాడు. పదకొండు ఆరోపణల్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే.

నాలుగేళ్లుగా చదువుతున్నది ఇదే. వేళ్లలో ఉండిపోయింది. ఆ ఆఖరి వాక్యం ఎవరూ అడగలేదు. నేనే పెట్టాను. పేజీ నిండుగా ఉండాలని.

మార్చి 25

లావణ్యకి చెప్పాను. ఇద్దరం ఒకే ఇంట్లో పక్కపక్క గదులు, ఒకే పప్పు గిన్నె. కరీంనగర్ పిల్ల, నర్సింగ్ చదువుతోంది. కంచం పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

“అంటే ముసలాయనకు ఉరి పేనింది నువ్వేనా?”

“తెలిసి కాదు...”

“తెల్వకుండ పేనితె ఊడిపోతదా ఏంది? పోయి చెప్పు. ఈ లైన్ నాది, తప్పైంది, కొట్టేయుండ్రి అని. నోరు లేదా నీకు?”

ఉంది. ఎప్పుడూ సమయానికి ఉండదు.

ఏప్రిల్ 6

గడియారాలు గంట వెనక్కి. బడికి అందరూ ముందే వచ్చి బయట నిలబడ్డారు. ఆ దొరికిన గంటలో కిరణ్ గారు ఏడుగురితో మాట్లాడారు. ఒక్కొక్కరితో, చెట్టు కింద, చేతిలో కాఫీ కప్పుతో. నా దగ్గరికి ఆఖరున వచ్చారు.

“పర్సనల్ ఏం లేదు వసుధా. రూల్ ఉంది, బ్రీచ్ ఉంది. నీకంటే ఎవరికి తెలుసు? మే ఫోర్త్‌న ఓటింగ్ పెట్టేద్దాం. ఆయన దిగితే మిగతా టర్మ్ నువ్వే. మేమంతా హెల్ప్ చేస్తాం.”

మేమంతా... అంటే లెక్క అయిపోయింది. కమిటీలో తొమ్మిదిమంది. అంకుల్‌కి ఓటు లేదు. దించాలంటే మిగిలిన ఎనిమిదిలో మూడింట రెండొంతులు, అంటే ఆరు కావాలి.

ఏప్రిల్ 20, ఈస్టర్

పొద్దున చర్చికి వెళ్లాను, పాటల కోసం. కాన్వెంటు అలవాటు. మోకరిల్లిన వాళ్ల వెనక కూర్చుని నేను చేసినవి వరసగా చెప్పుకున్నాను. ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాను.

తర్వాత స్ప్రింగ్‌వేల్‌లో అంకుల్ ఇంటికి. చెప్పాలనే వెళ్లాను. అంట్లు తోముతున్నారు. ఆంటీ పోయాక ఇంట్లో ఒక్కరే. టీ పెట్టి, కసావా, అదే కర్రపెండలం, వేయించి ఇచ్చారు.

“ఎనబై ఏడులో మా ఫిజీ కాడ తుపాకులట్టుకుని గవర్నమెంటుని దించీసారమ్మా. పార్లమెంటు నడుస్తా ఉండగానే. రేడియోలో ఇన్నాను. నాను బళ్లో టీచర్ని. ఆ ఏడే సామాను కట్టీసాం. ఇక్కడొచ్చి బస్సు నడిపాను, ఇరవై రెండేళ్లు.” నవ్వారు. “ఇక్కడ మేలు. సేతులెత్తి దించుతారు.”

తెలుసన్నమాట.

“మీరు రాజీనామా చేసెయ్యొచ్చు కదా అంకుల్. ఓటు దాకా రానివ్వకుండా...” అన్నాను. అమెరికాలో 1974లో ఒక అధ్యక్షుడు అలాగే దిగిపోయాడని కూడా చెప్పాను. చెప్పాల్సింది వదిలేసి అది చెప్పాను.

“ఆడు తప్పు సేసి దిగాడు. నాను పిల్లల్ని ముందుకి కూకోబెట్టాను.” కప్పులు కడిగి బోర్లించారు. “నీకేటి బయం? నువ్ రూలు తెలిసిన పిల్లవి.”

వచ్చేస్తుంటే కసావా పొట్లం కట్టి ఇచ్చారు. బస్సులో తింటూ వచ్చాను. సిగ్గులేకుండా.

ఏప్రిల్ 29

అద్దం ముందు నిలబడి: ‘ఆ వాక్యం నేను రాశాను. అది అక్కడ ఉండకూడదు.’

పదకొండు సార్లు. పదకొండోసారి బాగా వచ్చింది.

మే 4, ఆదివారం

నిన్న దేశమంతా ఎన్నికలు. అంకుల్ ఓటేసి, పోలింగు బూత్ బయట అమ్మే సాసేజ్ తిని వచ్చారట. పొద్దున హాల్లో ఆయన జోకు: “నిన్న నాను ఏసాను. ఇయాల మీరు నాకు ఏస్తారు.” కొందరు నవ్వారు కూడా.

ఇస్త్రీ చొక్కా. జేబులో పెన్ను. కుర్చీలన్నీ ఆయనే వేశారు, తనని దించే మీటింగుకి.

కిరణ్ గారు నియమం చదివారు. నా వాక్యం ఇంకొకరి గొంతులో. ఎంత స్పష్టంగా ఉందో. ఒక్క కామా కూడా అటూ ఇటూ లేదు.

అంకుల్ చెప్పింది ఇంతే: “పిల్లల్ని ఎనక గదిలో కూకోబెట్టనివ్వను. రూలు తప్పానా అంటే తప్పాను. రాసుకోండి.”

రాసుకున్నాను.

పేర్లు పిలిచేది నేనే, మినిట్స్ నాదే కనుక. మొదటి ఏడుగురిలో ఐదుగురు అవునన్నారు. పద్మ ఆంటీ కాదంది. ఫిజీ నుంచే వచ్చిన రెడ్డి అంకుల్ కాదన్నారు, అని కూర్చోలేదు.

“ఓ మాట. ఈ అమ్మాయే గదా రేపు ఆ కుర్చీలో కూకునేది? మరి ఈ అమ్మాయి ఓటెయ్యొచ్చా? ఏం న్యాయమది, మేట్?”

నూట యాభై ఏళ్ల కిందటి అభ్యంతరం. దానికి జవాబు నా రెండో అధ్యాయంలో ఉంది. వెయ్యకూడదు. వేస్తే ఏ వాదనా సమర్థించలేదు.

నాయుడు అంకుల్ చెయ్యి ఊపారు. “ఎయ్యనీరా. ఆ పిల్ల సదువుకున్న పిల్ల. నాయంగా ఏస్తాది.”

రెడ్డి అంకుల్ కూర్చున్నారు.

నా పేరు నేనే పిలుచుకోవాలి. పిలిచాను. అందరూ చూస్తున్నారు. అద్దం ముందు పదకొండు సార్లు అన్న మాటలు... ఒక్కటీ లేదు. కాదు అంటే ఎందుకో చెప్పాలి. లేచి నిలబడాలి, ఆ వాక్యం ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పాలి, వాళ్లు అడుగుతారు, మళ్లీ చెప్పాలి. అవును అంటే ఒక్క మాట. అని కూర్చోవచ్చు.

అవును అన్నాను.

రాశాను కూడా. వసుధ — అవును. గుండ్రంగా.

అంకుల్ లేచి వచ్చి హాలు తాళంచెవి నా అరచేతిలో పెట్టారు. “తలుపు కాస్త పైకెత్తి తిప్పాలమ్మా. లేపోతే ఇరుక్కుంటాది.”

మే 5

లావణ్య: “ఏమన్నవ్?”

చెప్పాను.

కంచంలో అన్నం కలుపుతూనే ఉంది. “అన్నం తిను” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మే 11

తలుపు పైకెత్తి తిప్పాను. తెరుచుకుంది.

సామాను గది తెరుచుకోలేదు. దాని తాళంచెవి వేరే. అంకుల్ దగ్గరే ఉండిపోయింది. అలాంటి తాళంచెవి ఒకటుందని మాలో ఎవరికీ తెలియదు. హీటర్లు అందులోనే, పిల్లల పుస్తకాలూ అందులోనే. పిల్లలు జాకెట్లు విప్పకుండా కూర్చున్నారు. కమిటీ తిరిగి పిలిచిన మాధవి గారు ఫోన్లో చూసి పాఠం చెప్పారు.

వెనక గది ఖాళీ. అందులో కూర్చోబెట్టడానికి పిల్లలే లేరు. ఫిజీ కుటుంబాలు ఒక్కటీ రాలేదు.

మైకు నా ముందుకు జరిపారు. “ప్రెసిడెంట్ గారు రెండు మాటలు.” ‘అందరికీ నమస్కారం’ అన్నాను. రెండు మాటలూ అయిపోయాయి.

మే 15

నా వాక్యం కొట్టేశాను. ‘ఏ వాదనా సమర్థించలేదు’ — పోయింది.

హెలెన్ ఆశ్చర్యపోయింది. ఎందుకు, నీ అధ్యాయంలో గట్టి వాక్యం అదే కదా అంది.

అతను ఎందుకు అలా వేశాడో నాకు తెలియదు అన్నాను.

“ఎవరికి తెలుస్తుంది, వాస్? అతను లేచి నిలబడ్డప్పుడు నువ్వు అక్కడ ఉన్నావా?” నవ్వింది.

ఉన్నాను.

మే 25

మళ్లీ తాళం సంగతి. ఎవరో ఒకరం వెళ్లి అడిగితే ఇచ్చేస్తారు అన్నాను. మెల్లగానే అన్నాను, కానీ అన్నాను.

“మనం ఇంటికెళ్లి బతిమాలడమేంటి? అఫీషియల్‌గా రాయి. యూ ఆర్ ద ప్రెసిడెంట్” అన్నారు కిరణ్ గారు.

రాశాను. ‘బడికి చెందిన తాళంచెవిని వారం రోజుల్లోగా అప్పగించవలసిందిగా కోరడమైనది.’ ఎవరు కోరారు? ఆ వాక్యంలో మనిషే లేదు. కింద సంతకం: వసుధ, తాత్కాలిక అధ్యక్షురాలు.

‘తాత్కాలిక’ ఎవరూ పెట్టమనలేదు. ఈసారి చేర్చింది అదొక్కటే.

మే 29

మూడో అధ్యాయం, 1841. అధ్యక్షుడు పదవిలోకి వచ్చిన నెలకే పోయాడు. అలా జరగడం అదే మొదటిసారి. ఉపాధ్యక్షుడికి దక్కేది పదవా, పనా? రాజ్యాంగంలో తేటగా లేదు. ఆయన మాత్రం అధ్యక్షుణ్ణే అన్నాడు. ‘తాత్కాలిక అధ్యక్షుడు’ అని చిరునామా రాసి వచ్చిన ఉత్తరాల్ని విప్పకుండా వెనక్కి పంపించేవాడట. ఆయన చెప్పిందే సరి అని రాజ్యాంగంలో స్పష్టంగా రాసుకోవడానికి నూట పాతికేళ్లు పట్టింది.

అంత ధీమా ఎలా వస్తుంది ఒక మనిషికి. ఎవరినీ దించి రాలేదు గనకేమో.

జూన్ 1

ఇవాళ కమిటీ. జేబులో కాగితం: ఆఖరి వాక్యాన్ని నియమంలోంచి తొలగించాలని ప్రతిపాదిస్తున్నాను. నాయుడు అంకుల్‌ను తిరిగి ఆహ్వానించాలని కూడా.

‘ఎనీ అదర్ బిజినెస్?’ అన్నారు కిరణ్ గారు. కాగితం బయటకు తీశాను. మడత విప్పాను.

“ఏంటి వసుధా?”

“హాలు... చలిగా ఉంది.”

“అందుకేగా లెటర్ రాయించాను.”

ఆ 1867 చట్టాన్ని ఇరవై ఏళ్లకు వాళ్లే రద్దు చేసుకున్నారు. అప్పటికి ఆ అధ్యక్షుడు లేడు.

జూన్ 7

స్ప్రింగ్‌వేల్ మార్కెట్లో రెడ్డి అంకుల్. తప్పించుకుందామనుకున్నాను. ఆయనే ఆగారు, సంచిలో కరివేపాకు రెమ్మలు.

“బాగున్నవా ప్రెసిడెంటూ?”

“నాయుడు అంకుల్ ఎలా ఉన్నారు?”

“ఎట్లుంటాడు? ఆదివారమొస్తే పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు. తొడుక్కుని కూకుంటాడు. సాయంత్రం ఆరింటికి విప్పేస్తాడు.”

వంకాయలు కొనడం మర్చిపోయి వచ్చేశాను.

జూన్ 12

ఉత్తరం వచ్చింది. గోధుమ రంగు కవరు. లావణ్య తెచ్చి బల్ల మీద పెట్టింది. “నీకే. ఏదో బరువుంది లోపల.”

వేళ్లతో తడిమాను. తాళంచెవి. ఒక మూలకి జారి ఉంది. దానితోపాటు మడత పెట్టిన కాగితం కూడా. ఒకటా, రెండా... తెలియలేదు.

చిరునామా తెలుగులో, కింద ఇంగ్లీషులో. నాయుడు అంకుల్ అక్షరాలు వాళ్ల నాయనమ్మ ఇసుకలో దిద్దించినవట. తలకట్లు పెద్దవిగా, కొంచెం వాలుగా.

‘అధ్యక్షురాలు కుమారి వసుధ గారికి.’

నా ఉత్తరం కింద ‘తాత్కాలిక’ అని ఉంది. ఆయన చదివే ఉంటారు. రెండుసార్లు చదువుతారు ఏదైనా. అయినా ఆ మాట తీసేసి రాశారు.

జూన్ 13

విప్పలేదు.

‘తాత్కాలిక’ అని ఉంటే విప్పేదాన్ని. ‘అధ్యక్షురాలు’ పేరుతో వచ్చిన ఉత్తరం నాది కాదు. నాది కాదని వెనక్కి పంపితే ఆయన తాళంచెవినే వెనక్కి పంపినట్టు. ఇంత చిన్న కవరు.

కోపంగా రాశారా? ఎప్పటిలాగే రాశారా? కోపమే అయితే బాగుండు.

జూన్ 14, శనివారం

రేపు పొద్దున నాలుగు డిగ్రీలట. మాధవి గారు మెసేజ్ పెట్టారు. హీటర్లు లేకపోతే రేపు సగంమంది కూడా రారు, ఏదో ఒకటి చెయ్యి ప్లీజ్. కిరణ్ గారు: ఎనీ అప్‌డేట్ ఆన్ ద కీ?

ఫోను బోర్లా పెట్టాను.

లావణ్య డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగింది. “ఇంకా గట్లనే చూస్తున్నవా దాన్ని? విప్పుతవా, తీస్కపోయి ఇస్తవా? ఏదన్న ఒకటి చెయ్యరాదే.”

తీసుకెళితే తలుపు ఆయనే తీస్తారు. రేపు ఆదివారం కాబట్టి ఇస్త్రీ చొక్కాలో ఉంటారు. కవరు చేతికిస్తే అడుగుతారు — ఏటమ్మా, ఇప్పలేదేటి? అప్పుడు చెప్పాలి. ఆ వాక్యం దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా.

స్ప్రింగ్‌వేల్ రైలు పొద్దున ఎనిమిది పన్నెండుకి ఉంది. బడి పదింటికి.

కవరు కోటు జేబులో పెట్టాను. కుడి జేబులో. హాలు తాళంచెవి ఎడమ జేబులో.

అద్దం ముందు ఒకసారి: ‘అంకుల్, ఆ వాక్యం...’